బరాత్ ఆపి విన్న ట్రాన్స్‌ఫార్మర్

మెట్రో రైలు నాగోలు నుంచి నడవడం మొదలైన తర్వాత వచ్చిన తొలి ఎండాకాలానికి ముందు, నాచారం పారిశ్రామికవాడలోని మా ఫ్యాక్టరీలో నన్ను డిజైన్ విభాగం మేనేజరుగా వేశారు. పరీక్షల విభాగం చూసే పెద్దాయన అప్పుడే రిటైరు కావడంతో ఆ బాధ్యత కూడా నా నెత్తినే పడింది. గీసేదీ నేనే, గీసినదానికి పరీక్ష పెట్టేదీ నేనే. మా ఆయన "ప్రశ్నపత్రమూ నీదే, జవాబుపత్రమూ నీదే, ఇంకేం వసుంధరా, ఫస్టు క్లాసే" అని ఎగతాళి చేసేవాడు. దిద్దే మనిషి రైల్వే నుంచి వస్తాడని, ఆ మనిషి అరమార్కు కూడా ఊరికే వెయ్యడని ఆయనకేం తెలుసు.

మా ఫ్యాక్టరీలో తయారయ్యేవి రైలింజన్ల ట్రాన్స్‌ఫార్మర్లు. కరెంటు ఇంజన్ పైన చేతిలా లేచి తీగను తాకుతూ పోయే చట్రాన్ని మీరు చూసే ఉంటారు. ఆ తీగలో ఉండేది ఇరవై అయిదు వేల వోల్టులు. దాన్ని మోటార్లకు పనికొచ్చే స్థాయికి దించేది ట్రాన్స్‌ఫార్మర్. మీ వీధి చివర దిమ్మె మీద నిలబడి ఉండేదానికీ దీనికీ పని ఒకటే గాని, బతుకు వేరు. వీధిలోది కదలక మెదలక ఉంటుంది. మాది ఇంజన్ కడుపు కింద వేలాడుతూ, పట్టాల కుదుపులన్నీ తింటూ, ఎండకూ వానకూ పరిగెత్తాలి. పైగా ఇంత బరువు మించకూడదు, ఈ పెట్టెలోనే పట్టాలి అని ముందే గిరి గీసి ఇస్తారు.

అప్పటిదాకా మేం చేసినవన్నీ అరువు డ్రాయింగులతోనే. ఎవరో ఎక్కడో గీసి పంపేవారు, మేం అచ్చుగుద్దినట్టు చేసేవాళ్లం. ఆ ఏడాది వచ్చిన ఆర్డరులో మాత్రం మా సొంత డ్రాయింగుతో చేయవచ్చని రైల్వేవాళ్లు రాశారు. ఒకటే షరతు. మొదట చేసిన నమూనా అన్ని పరీక్షలూ దాటాలి. మా పనిలో పరీక్షలు రెండు రకాలు. తయారైన ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకూ పెట్టేవి రొటీన్ టెస్టులు. కొత్త డిజైన్ పుట్టినప్పుడు దాని మొదటి నమూనాకు మాత్రమే పెట్టేవి టైప్ టెస్టులు. ఇవి దాటితే ఆ డ్రాయింగుకు గుర్తింపు వస్తుంది. దాటకపోతే మళ్లీ అరువు డ్రాయింగే గతి. అదే జరిగితే డిజైన్ విభాగాన్ని ఎత్తేసి, మమ్మల్ని డ్రాఫ్టింగ్ సెక్షనులో కలిపేస్తామని జనరల్ మేనేజర్ గారు మొహం మీదే చెప్పారు. అంటే ఇతరులు గీసినదానికి కాపీలు తీసుకుంటూ నా మిగతా సర్వీసు గడపాలన్నమాట. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం పళ్లు బిగించుకుని బయటికొచ్చేశాను.

ఆ ఆర్డరులో కొత్తగా చేర్చిన నిబంధన ఒకటుంది, శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ లోపల కదిలే భాగాలేమీ ఉండవు, అయినా అది మోగుతుంది. లోపలున్న ఇనుప రేకులు అయస్కాంతశక్తి ఎక్కినప్పుడల్లా కంటికి కనపడనంత సాగి, దిగినప్పుడల్లా ముడుచుకుంటాయి. సెకనుకు వందసార్లు జరిగే ఆ సాగుడూ ముడుచుకోవడమూ మనకు గుయ్ మని వినపడుతుంది. బండి పరిగెత్తేటప్పుడు చక్రాల మోతలో ఇది ఎవరికీ పట్టదు. సిగ్నల్ కోసం నిలబడ్డప్పుడు, చల్లార్చే బ్లోయర్లు కూడా నెమ్మదించాక, క్యాబులో కూర్చున్న లోకో పైలట్ చెవిలో మిగిలేది ఈ గుయ్యిమనే చప్పుడు ఒక్కటే. గంటల తరబడి వింటే తలనొప్పి రాక ఏమవుతుంది? అందుకని ఇంతకు మించి మోగకూడదని హద్దు పెట్టారు.

చప్పుడు తగ్గాలంటే ఇనుము మీద అయస్కాంత భారం తగ్గించాలి. దానికి ఇనుము ఎక్కువ పెట్టాలి. పెడితే బరువు పెరుగుతుంది. నేను ఇనుము పెంచి, ఆ బరువును ఇదంతా నూనెలో మునిగి ఉండే టాంకులో తగ్గించాను. పలుచటి రేకు వాడి, దానికి నిలువు పట్టీలు వేయించాను. జనరల్ మేనేజర్ గారు ఆ డ్రాయింగు చూసి, "వసుంధర గారూ, ఇది టాంకా, నూనె డబ్బానా? లోపల రేకులు గుయ్ మంటే బయట ఇది డప్పులా మోగుతుంది" అన్నారు. అన్నీ సమాన దూరంలో ఉంటే నిజంగానే మోగుతుంది సార్, అందుకే పట్టీల మధ్య దూరాలు ఒక్కోటీ ఒక్కోలా వేశాను, వాటి మధ్య ఏ పలకా పక్క పలకతో శ్రుతి కలవదు అన్నాను. ఆయన నమ్మలేదు. "చూద్దాం" అన్నారు. పెద్దవాళ్లు చూద్దాం అన్నారంటే కాదన్నట్టేనని సర్వీసులో ఎవరికైనా తెలుస్తుంది.

నమ్మిన మనిషి ఒకడున్నాడు. టెస్ట్ బే ఫోర్‌మన్ మల్లేశం. టెస్ట్ బే అంటే పరీక్షలు జరిగే పెద్ద షెడ్డు. మల్లేశంది పాత నాచారం. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోటే వాళ్ల తాత జొన్న వేసేవాడట. ఖాళీ టాంకు వెల్డింగు పూర్తయి వచ్చిన రోజు మేమిద్దరం కొయ్య సుత్తి పట్టుకుని దాని చుట్టూ తిరుగుతూ ప్రతి పలకనూ కొట్టి విన్నాం. ఒక్కోటీ ఒక్కో స్వరం పలికింది. "మస్తున్నది మేడమ్, ఒక్కటి గూడ ఇంకోదానితోటి మాట కలుపుతలేదు. మా ఇంట్ల అన్నదమ్ములున్నట్టే ఉన్నయి" అన్నాడు మల్లేశం. నేను పగలబడి నవ్వాను.

మరుసటి ఏడాది మే నెలలో రైల్వే డిజైన్ కార్యాలయం నుంచి తనిఖీ అధికారిగా సుబ్రహ్మణ్యం గారు వచ్చారు. మనిషి సన్నగా, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉంటారు. ఆయన పద్ధతి ఒకటి మా ఫ్యాక్టరీలో కథలు కథలుగా చెప్పుకునేవారు. పరీక్ష ముగిసి సంతకం పెట్టేదాకా ఆ కంపెనీ మంచినీళ్లు కూడా ముట్టరు. తన ఫ్లాస్కు, తన టిఫిన్ క్యారియర్, తన కాలిక్యులేటర్, ఆఖరికి కూర్చోడానికి తన మడత గుడ్డ కూడా తెచ్చుకుంటారు. మా క్యాంటీన్ కుర్రాళ్లు టీ ట్రేతో ఎదురుపడితే, చెయ్యి అడ్డం పెట్టి నవ్వేవారు. మంచి మనిషే గాని పరీక్షలో చుట్టరికం లేదు.

పరీక్షలు ఒక్కొక్కటిగా నడిచాయి. ముందు వైండింగుల, అంటే లోపలి తీగ చుట్ల, నిరోధం, ఆ తర్వాత కరెంటు నష్టాలు. పిడుగు పడితే వచ్చే వోల్టేజీని కృత్రిమంగా పుట్టించి కొట్టే ఇంపల్స్ టెస్టు కూడా అయిపోయింది. పూర్తి భారం మీద నూనె ఎంత వేడెక్కుతుందో చూసే హీట్ రన్ ముగిసి, వేడి హద్దులోనే ఉందని తేలినప్పుడు సుబ్రహ్మణ్యం గారు "ఊఁ" అన్నారు. ఆయన నోట ఆ ఊఁ రావడం గొప్ప విషయమని మల్లేశం నా చెవిలో చెప్పాడు. ఇక మిగిలింది శబ్ద పరీక్ష ఒక్కటే.

ఈ పరీక్షకు తీసుకునే జాగ్రత్తలు బయటివాళ్లకు వింతగా ఉంటాయి. శబ్దం కొలిచే మీటరుకు మన ట్రాన్స్‌ఫార్మర్ చప్పుడేదో, పక్క వాళ్ల చప్పుడేదో తెలియదు కదా. అందుకని ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఆపేసి చుట్టుపక్కల చప్పుడు కొలుస్తారు. దాన్ని నేపథ్య శబ్దం అంటాం. తర్వాత కరెంటిచ్చి, టాంకు చుట్టూ తాడు మీద గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు దగ్గరా మీటరు పట్టుకుని కొలుస్తారు. చివర్లో మళ్లీ ఆపి మళ్లీ నేపథ్యం. నేపథ్యం బాగా తక్కువగా ఉంటేనే ఆ కొలత చెల్లుతుంది. దగ్గరదగ్గరగా ఉంటే కొలిచిందంతా చెత్తబుట్టలోకే.

నాచారంలో నిశ్శబ్దం దొరకడమంటే మాటలా? పగలు మా షాపులోనే గ్రైండింగు. రాత్రుళ్లు చేద్దామంటే పక్కనే స్టీలు సామాన్లు నొక్కే ఫ్యాక్టరీ, కరెంటు చవకని రాత్రంతా ప్రెస్సులు దంచుతుంది. వాళ్ల షిఫ్టులు మారే సాయంత్రపు గంటలో మాత్రమే ఆ ప్రెస్సులు ఆగుతాయి. మాకున్నది ఆ గంటే. ఆ యజమానితో ముందే మాట్లాడాను, షిఫ్టు ముందుగా మొదలుపెట్టొద్దని. ఉప్పల్ స్టేడియంలో ఆ రోజు మ్యాచ్ లేదని చూసుకున్నాను. మా షెడ్డులో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, ఏసీలు, క్రేను అన్నీ ఆపించాను. ఫోన్లన్నీ ఒక ట్రేలో పెట్టించి బయటికి పంపాను. పైకప్పు దూలాల మీద కాపురముండే పావురాలను కూడా మల్లేశం వెదురు గడతో తరిమేశాడు. ఇంతకన్నా ఇంకేం చూడాలి అనుకున్నాను.

టెస్ట్ బే నోటీసు బోర్డు మీద పరీక్షల షెడ్యూలు అంటించి ఉంది. దాని పక్కనే పసుపు అద్దిన పెళ్లి శుభలేఖ ఒకటి. మల్లేశం అక్క కొడుకు శేఖర్ పెళ్లి. రెండింటి మీదా ఒకటే తేదీ. రెండింటినీ మల్లేశమే అంటించాడు, ఒకే టేపు చుట్ట నుంచి చింపి. మేమందరం రోజూ ఆ బోర్డు చదివేవాళ్లమే. పరీక్ష అయ్యాక అటునుంచి అటే పెళ్లికి పోదామని అందరం నిర్ణయించుకున్నాం కూడా. ముహూర్తం రాత్రికి కాబట్టి ఇబ్బంది లేదు. కంట్రోల్ రూములో మగవాళ్ల ఇస్త్రీ చొక్కాలు హ్యాంగర్లకు వేలాడుతున్నాయి. నా గద్వాల చీర నా క్యాబిన్లో సంచిలో ఉంది. ఆ చొక్కాలు చూసి సుబ్రహ్మణ్యం గారు, ఏమిటివి, పరీక్షకు ముస్తాబా అని అడిగారు కూడా.

అంతమంది ఇంజనీర్లం, చప్పుడు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో కాగితం మీద బొమ్మ గీసుకున్నవాళ్లం. ఆ ఫంక్షన్ హాలు మా వెనక రోడ్డు చివరే ఉందని, పెళ్లికొడుకు ఇంటి నుంచి హాలుకు పోవాలంటే మా షెడ్డు గోడ పక్కనుంచే పోవాలని ఒక్కరికైనా తట్టలేదు.

సాయంత్రం పక్క ఫ్యాక్టరీ ప్రెస్సులు ఆగాయి. షెడ్డు రోలింగ్ షట్టర్ దించాం. ఫ్యాన్లు లేవు, చెమటలు కారిపోతున్నాయి. నేపథ్యం కొలిస్తే చక్కగా తక్కువగా ఉంది. మోటార్ల వైపు వైండింగ్ నుంచి కరెంటిచ్చి, ఇరవై అయిదు వేల వోల్టుల కొసను రబ్బరు టోపీతో మూసి వదిలాం. రోడ్డు వైపు గేటు మీది ఎర్ర దీపం వెలిగింది. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ లోపల పరీక్ష నడుస్తోందని అర్థం. సుబ్రహ్మణ్యం గారు మీటరు ఎవరికీ ఇవ్వరు. తనే పట్టుకుని మొదటి గుర్తు దగ్గర నిలబడ్డారు. తర్వాత రెండోది. నేను ఆయన భుజం మీదుగా మీటరు చూస్తున్నాను. అంకె బాగుంది. నా గుండె వేగం మీటరుకు అందుతుందేమోనని భయమేసింది.

అప్పుడు వినపడింది, దూరంగా. డండణక డండణక.

మీటరు అంకె మెల్లగా ఎక్కడం మొదలుపెట్టింది. సుబ్రహ్మణ్యం గారు చెయ్యెత్తి ఆపమన్నారు. కరెంటు ఆపాం. ట్రాన్స్‌ఫార్మర్ ఆగినా అంకె దిగలేదు, ఇంకా ఎక్కుతోంది. డప్పులకు బ్యాండు తోడైంది. ఈలలు కూడా వినపడ్డాయి. ఆయన నా వైపు తిరిగి, ఇది ఎంతసేపు ఉంటుందని అడిగారు. నేను మల్లేశం వైపు చూశాను. మల్లేశం మొహం సున్నం కొట్టినట్టయింది.

"సార్... అది... మా బరాతే సార్" అన్నాడు.

ఆ క్షణంలో నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సుబ్రహ్మణ్యం గారు గడియారం చూసుకున్నారు. ఆ రాత్రికే ఆయన రైలు, మర్నాడు వేరే ఊళ్లో వేరే తనిఖీ. సోమవారానికల్లా మా ఫలితం వాళ్ల ఆఫీసు చేరాలి, లేకపోతే ఈ ఆర్డరుకు మా డ్రాయింగు లేనట్టే. ప్రెస్సులు మళ్లీ మొదలయ్యేలోపు అవకాశమిస్తాను, కొలవలేకపోతే కొలవలేదనే రాస్తాను అన్నారు. ఆయన మాటలో కోపం లేదు, అదే ఎక్కువ భయపెట్టింది. నేను మల్లేశం చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి లాక్కుపోయాను.

బరాత్ అప్పటికే మా గోడ దగ్గరికి వచ్చేసింది. ముందు డప్పులవాళ్లు, వెనక బ్యాండు, నెత్తిన దీపాల బుట్టలు మోసేవాళ్లు, వాటికి కరెంటిచ్చే జనరేటర్ బండి, దాని వెనక తెల్ల గుర్రం మీద శేఖర్. మధ్యలో చుట్టాలందరూ ఊగిపోతూ ఆడుతున్నారు. అందరి ముందూ చేతులు తిప్పుతూ ఆడుతున్నది మల్లేశం అక్క యాదమ్మ, పెళ్లికొడుకు తల్లి. తమ్ముణ్ని చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఏందిరో మల్లిగా! మేనమామవై ఉండి బరాత్‌ల కానరాకపోతివి. ఆ ఖాకీ బట్టలేంది? పెండ్లికొచ్చినవా, డ్యూటీకొచ్చినవా?"

మల్లేశం చేతులు జోడించాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. జర సేపు డప్పులు ఆపియ్యవా? పది నిమిషాలు గంతే."

"పిచ్చి గిట్ల లేసిందారా? బరాత్ ఆపుతరా ఎవలన్న? అక్కడ ఆడపిల్లోళ్లు ఎదుర్కోళ్లకు నిలవడ్డరు!"

ఆడపిల్లవాళ్లు హాలు గేటు దగ్గర హారతితో ఎదురుచూస్తున్నారని ఆమె బాధ. సబబే. మల్లేశం నన్ను చూశాడు. నేను ముందుకెళ్లి, లోపల మేం చేసిన రైలింజన్ ట్రాన్స్‌ఫార్మరుకు పరీక్ష జరుగుతోందని, అది ఎంత తక్కువ చప్పుడు చేస్తుందో కొలవాలని, ఈ గంట దాటితే ఇంత పనీ గంగలో కలుస్తుందని చెప్పాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"ఏం మేడమ్, మీ మిషన్ పండుకున్నదా? మా సప్పుడుకు లేస్తదా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. నాకూ నవ్వొచ్చింది. పడుకోలేదమ్మా, సన్నగా పాడుతోంది, మీ డప్పుల్లో దాని పాట వినపడటం లేదు, మీ తమ్ముడు ఏడాదిగా దాని కోసమే కష్టపడ్డాడు అన్నాను. ఆ చివరి మాట పనిచేసింది. యాదమ్మ తమ్ముడి మొహం ఒకసారి చూసింది. చెమటతో తడిసిన ఆ ఖాకీ చొక్కా చూసింది.

"గట్లనా. అయితె ఒక్క మాట. మీ ఫ్యాక్టరోళ్లందరు బరాత్‌ల ఆడాలె. ఆ పరీక్ష జేసే పెద్దసారు గూడ. ఆయన రెండు స్టెప్పులన్న ఎయ్యకుంటె నేనూకోను. ఒప్పుకుంటవా?"

మంచినీళ్లు ముట్టని మనిషి బరాత్‌లో ఆడతాడా? ఆయన్ని అడగకుండానే నేను ఒప్పుకున్నాను. ఆ తర్వాతి సంగతి తర్వాత. గేటు మీది ఎర్ర దీపం చూపించి, అది ఆరేదాకా ఏ చప్పుడూ వద్దని చెప్పాను. యాదమ్మ వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకెత్తింది. డప్పులు ఆగాయి, వెంటనే బ్యాండూ ఆగింది. జనరేటర్ ఇంకా గుడగుడమంటోంది. "గది గూడ ఆపుర్రి!" అని ఒక్క కేక వేసింది. జనరేటర్ ఆగింది. దీపాల బుట్టలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. సందె వెలుగులో పట్టు బట్టల జనమంతా నిలబడిపోయారు. మేనమామను అక్కడే కాపలా పెట్టి నేను లోపలికి పరిగెత్తాను.

ముందు నేపథ్యం. ఇందాకటికన్నా తక్కువ! ప్రెస్సులు ఆగి, షాపు ఆగి, బరాత్ కూడా ఆగిన నాచారాన్ని నేనెప్పుడూ వినలేదు. కరెంటిచ్చాం. ట్రాన్స్‌ఫార్మర్ గొంతు విప్పింది. సుబ్రహ్మణ్యం గారు ఒక్కో గుర్తు దగ్గరా ఆగుతూ టాంకు చుట్టూ తిరిగారు. పలుచటి రేకు పలకల ముందు మీటరు పట్టినప్పుడు నేను అంకె మీద నుంచి కళ్లు తీయలేదు. డప్పులా మోగుతుందన్నది ఆ పలకలే కదా. మోగలేదు. చివరి గుర్తు దగ్గర మాత్రం బయట ఘల్లుమని ఏదో మోగి అంకె ఎగిరింది. గుర్రం మెడ విదిలించింది. ఆయన చెయ్యెత్తి ఆగారు. మేమూ ఆగాం. మరి చప్పుడు రాలేదు. శేఖర్ గుర్రం మీద నుంచి వంగి దాని మెడలోని మువ్వలను గుప్పిట్లో పట్టుకున్నాడని, తలపాగా జారి కళ్ల మీద పడినా వదల్లేదని తర్వాత చెప్పారు. ఆ గుర్తు దగ్గర మళ్లీ కొలిచారు. కరెంటు ఆపి ఆఖరి నేపథ్యం కూడా కొలిచారు. నేను ఎర్ర దీపం ఆర్పాను.

అంతే, రోడ్డు బద్దలైంది. ఆపి ఉంచిన ఉత్సాహమంతా ఒకేసారి డప్పుల మీద పడింది. లోపల సుబ్రహ్మణ్యం గారు మడత గుడ్డ మీద కూర్చుని లెక్క వేస్తున్నారు. సగటు తీయాలి, నేపథ్యం దిద్దుబాటు తీసేయాలి. ఆయన తలెత్తి నాతో ఏదో అన్నారు. డప్పుల మోతలో ఒక్క ముక్క వినపడితే ఒట్టు! "ఏంటి సార్?" అని అరిచాను. ఆయన మళ్లీ అన్నారు. వినపడలేదు. చివరికి కాలిక్యులేటర్ నా మొహం ముందుకు తిప్పి పట్టుకున్నారు. హద్దు కన్నా తక్కువ, అదీ అంచున కాదు, హాయిగా లోపల. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. చెమటే అనుకున్నారు అందరూ, అనుకోనిచ్చాను.

సంతకం పెట్టాక ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తుంటే నేను నసుగుతూ నా ఒప్పందం సంగతి చెప్పాను. ఆయన, పెళ్లి ఖర్చులో కంపెనీ వాటా ఏమైనా ఉందా అని అడిగారు. లేదు సార్, అంతా మా అక్కా బావలదే అన్నాడు అప్పటికే లోపలికి వచ్చిన మల్లేశం. పరీక్ష ముగిసిందా అని నన్ను అడిగారు. ముగిసింది సార్, మీరే సంతకం పెట్టారు అన్నాను. "అయితే అభ్యంతరం కనపడటం లేదు" అని పెన్ను జేబులో పెట్టుకుని లేచారు.

సుబ్రహ్మణ్యం గారు ఆడారు. రెండు స్టెప్పులు కాదు, హాలు గేటు దాకా ఆడారు. ఇస్త్రీ చొక్కా నలగకుండా, చేతులు ఒంటికి ఆనించి, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా తాళానికి సరిగ్గా అడుగులు వేస్తూ. మా కుర్రాళ్లు ఈలలు వేస్తే, తల ఊపి "ఊఁ" అన్నారు. నేను గద్వాల చీర కట్టుకునే తీరిక లేక ఫ్యాక్టరీ కోటుతోనే ఆడాను. ఎదుర్కోళ్ల దగ్గర ఆడపిల్లవాళ్లు ఆలస్యమేమిటని నిలదీస్తే, యాదమ్మ "మా మల్లిగాని రైలింజన్ పరీక్షల పాసైంది" అని గర్వంగా చెప్పింది. వాళ్లకు ఏమీ అర్థం కాలేదు గాని హారతి ఇచ్చేశారు. ఆ రాత్రి రైలెక్కే ముందు సుబ్రహ్మణ్యం గారు పెళ్లి భోజనం చేశారు. బగారా అన్నం రెండోసారి అడిగి వేయించుకున్నారు.

భోజనాల దగ్గర యాదమ్మ నా పక్కనొచ్చి కూర్చుంది. బరాత్ ఆగినప్పుడు గోడకు చెవి పెట్టి విన్నదట.

"మేడమ్, నిజం జెప్పు. గా గుయ్ మనేదేనా మీది? గింత సప్పుడుకేనా మా బరాత్ ఆపిచ్చింది? మా ఇంట్ల ఫ్రిజ్జు ఇంతకన్న మోగుతది!"

ఉద్యోగంలో నాకొచ్చిన ప్రశంసలన్నిటిలోకీ నేను మొదట చెప్పుకునేది అదే. సోమవారం జనరల్ మేనేజర్ గారి గదిలో కూడా ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వి, డ్రాయింగు మీద తన పేరుకు పైన నా పేరు రాయమన్నారు. డిజైన్ విభాగం నాచారంలోనే ఉండిపోయింది. ఆ నమూనా ప్రకారం చేసినవి ఇప్పటికీ ఘట్‌కేసర్ మీదుగా పోయే ఇంజన్ల కింద వేలాడుతూ తిరుగుతున్నాయి.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒకటే. నేపథ్య శబ్దమంటే పక్కవాళ్ల చప్పుడని అప్పటిదాకా అనుకునేదాన్ని. ప్రెస్సులను లెక్కపెట్టాం, స్టేడియాన్నీ పావురాలనూ లెక్కపెట్టాం. మేమే ఆడబోయే బరాత్‌ను మాత్రం చప్పుడు కింద రాసుకోలేదు, ఎందుకంటే మా చెవులకు అది చప్పుడు కాదు. మీటరుకు ఆ తేడా తెలియదు. అప్పటినుంచి రిటైరయ్యే దాకా, శబ్ద పరీక్షకు తేదీ వేసే ముందు మా వాళ్లందరినీ నిలబెట్టి, ఆ వారంలో ఎవరింట్లోనైనా శుభకార్యం ఉందా అని అడిగేదాన్ని. ఉందంటే తేదీ మార్చేదాన్ని. మార్చింది ప్రతిసారీ పరీక్ష తేదీనే.